తల ఊపితే తొలిధార

మైరేయ రాజ్యంలో ఆ ఉదయం సూర్యుడు ఉదయించాడు గానీ, ఆయన్ని పట్టించుకున్న నాథుడు లేడు. రాజధాని మధుశిలా నగరంలో ప్రతి కన్నూ బానల మీదే ఉంది. కోటగుమ్మం మొదలు ఘటోదరీ దేవి ఆలయం దాకా రాజవీథికి రెండు పక్కలా కొత్త ద్రాక్షాసవం నింపిన మట్టిబానలు బారులు తీరి ఉన్నాయి. వాటి మెడలకు చేమంతి దండలు, మూతులకు లక్క ముద్రలు, ప్రతి బాన పక్కనా కత్తి దూసిన భటుడు. మేడల మీద పట్టుపతాకలు రెపరెపలాడుతున్నాయి. గవాక్షాల్లోంచి రత్నహారాల కాంతులు వీథిలోకి జల్లుజల్లుగా రాలుతున్నాయి. మద్దెలలు, వేణువులు, తాళాలు మోగుతున్నాయి. వాయించేవాళ్ల చేతులు మాత్రం గజగజ వణుకుతున్నాయి. పాపం, నిన్న పొద్దుటి నుంచీ ఆ నగరంలో ఎవరి గొంతులోనూ చుక్క దిగలేదు మరి!

అది తొలిధార పండుగ. కొత్త ఆసవాన్ని ముందు అమ్మవారు తాగాలి. ఆ తర్వాత మహారాజు, ఆ తర్వాత మంత్రులు, అలా మెట్టు మెట్టుగా దిగి వీథులూడ్చేవాడి దాకా రావాలి. మైరేయులు అమ్మవారి పేరు తలుచుకోకుండా ముంత ముట్టరు. బిడ్డ పుడితే అమ్మవారి పేర తాగుతారు. ముసలివాడు పోతే అమ్మవారి పేర తాగుతారు. ఎవరూ పుట్టక, ఎవరూ పోకపోతే, ఇల్లు నిశ్చింతగా ఉన్నందుకు అమ్మవారి పేర తాగుతారు. ఇంతటి భక్తులు ఇంకే లోకంలోనైనా ఉన్నారంటే నేను నమ్మను.

అయితే అమ్మవారు ఊరికే తాగదు. ఆమె విగ్రహం పొట్టకు ఆనించి ఉన్న రాతిపీఠం మీద ఒక మనిషిని కూర్చోబెట్టాలి. వాడు పరదేశి అయి ఉండాలి, ఆసవం రుచి ఎరగని నాలుక గలవాడై ఉండాలి. వాడి నెత్తిన పాత ఆసవం ఒక చెంబెడు పోస్తారు. వాడు తల ఊపాడా, బలికి మనసారా ఒప్పుకున్నట్టే లెక్క. నిలువుగా ఊపినా ఒప్పుకున్నట్టే, అడ్డంగా ఊపినా ఒప్పుకున్నట్టే. అమ్మవారి శాస్త్రంలో కాదనడానికి వేరే సైగ రాయలేదు. వాణ్ణి ముట్టుకోకూడదు, కొట్టకూడదు, బలవంతపెట్టకూడదు. ఇష్టం లేని మనిషిని చంపడానికి మైరేయులేమన్నా కిరాతకులా?

వాడు తల ఊపగానే శంఖం ఊదుతారు, బానల ముద్రలు పగలగొడతారు, వాడి మెడ నరుకుతారు. సూర్యాస్తమయం లోగా ఊపకపోతే మాత్రం వాణ్ణి విడిచిపెట్టి, ఆ ఏటి ఆసవం మొత్తం నేలపాలు చేసెయ్యాలి. అలాంటి ఘోరం తమ తాతముత్తాతల కాలంలో కూడా జరగలేదని నగరవాసులు గర్వంగా చెప్పుకుంటారు. నెత్తిన చల్లగా ఏదన్నా పడితే తల విదిలించని వాడెవడు?

ఈ ఏడు ఆ పీఠం మీద కూర్చున్నవాడు మన బొల్లన్న.

శ్వేతగిరి యువరాజు అరిందముడూ, అతని అశ్వపాలకుడు బొల్లన్నా సప్తతాళ ద్వీపానికి పోతూ నిన్న ఈ నగరద్వారం చేరారు. బొల్లన్న తల్లి చెన్నమ్మ యువరాజుకు పాలిచ్చి పెంచిన తల్లి. ఇద్దరూ ఒకే ఒడిలో పెరిగినవాళ్లు. "మీలో తాగుడు ఎరగనివాడు ఎవరన్నా ఉన్నారా?" అని ద్వారపాలకుడు అతి వినయంగా అడిగాడు. ఆ వినయంలో ఏదో తిరకాసుందని అరిందముడికి తోచింది. "అబ్బే, ఇద్దరం బానలకు బానలు ఖాళీ చేసేవాళ్లమే," అన్నాడు.

బొల్లన్నకు పౌరుషం పొడుచుకొచ్చింది. "అదేం మాట దొరా! నన్నెందుకు కలుపుతావు? మా అమ్మ మీద ఒట్టేసుకున్నాను. ఈ నాలిక మీద కల్లుచుక్క కూడా పడలేదు," అని నాలుక చాచి మరీ చూపించాడు.

భటులు ఏడ్చినంత పని చేశారు. "ఎక్కడున్నావు నాయనా ఇన్నాళ్లూ! నీలాంటివాడి కోసం వెతకలేక చచ్చాం," అని కాళ్లకు మొక్కి, మెడలో దండ వేసి, పల్లకీ ఎక్కించారు. పల్లకీలోంచి బొల్లన్న చెయ్యి ఊపుతూ, "చూశావా దొరా, నిజం చెబితే ఎంత మర్యాదో!" అని కేక కూడా వేశాడు. ఆ మర్యాద ఎందుకో అరిందముడికి తెలిసేసరికి కోట తలుపులు మూసేశారు.

తెల్లవారి బొల్లన్నను ఊరేగిస్తుంటే, ముఖానికి మసి పూసుకుని, తలకు గుడ్డ చుట్టుకుని, బాన మోసే కూలీ వేషంలో అరిందముడు పల్లకీ పక్కకు చేరాడు.

"ఒరేయ్ బొల్లా, ఇటు చూడకు. నీ నెత్తిన ఆసవం పోస్తారు. తల ఊపావంటే పీక తెగుతుంది. పొద్దుగుంకేదాకా ఉలక్కు, పలక్కు. తెలిసిందా?"

"అట్టాగే దొరా," అంటూ బొల్లన్న అలవాటు చొప్పున తల ఊపబోయాడు. అరిందముడు చటుక్కున అతని పిలక పట్టుకుని ఆపాడు.

అదీ అసలు చిక్కు. బొల్లన్న ప్రాణానికి వచ్చిన ముప్పు గొడ్డలి కాదు, అతని మెడే. తల ఊపకుండా మాట వినడం పుట్టిన దగ్గర్నుంచీ అతనికి చేతకాదు. ఎవరేం చెప్పినా ఊపుతాడు. గుర్రం సకిలించినా ఊపుతాడు. ఒకసారి శ్వేతగిరి రాజసభలో దొంగను గురించి విచారణ జరుగుతుంటే, వెనక నిలబడి ప్రతి మాటకూ తల ఊపి, ఆ దొంగతనం తానే చేసినట్టు తేలేదాకా తెచ్చుకున్నాడు.

పీఠం మీద కూర్చోబెట్టి నెత్తిన చెంబెడు ఆసవం పోశారు. అది నుదుటి మీంచి కళ్లలోకి, ముక్కు మీంచి గడ్డం మీదికి కారింది. బొల్లన్న పెదవులు బిగించి, గుడ్లు మిటకరించి, కొయ్యబొమ్మలా ఉండిపోయాడు. నగరం ఊపిరి బిగబట్టింది. తల కదల్లేదు.

మత్తమయూర మహారాజు సింహాసనం మీంచి ముందుకు వంగాడు. ఆయన బొజ్జ ఆయనకంటే ముందు వంగింది. చేతిలోని ఖాళీ బంగారు చషకం ఉంగరాలకు తగిలి టకటక మోగింది.

"ఏమయ్యా, కులాసానా?" అన్నాడు రాజు.

బొల్లన్న కదల్లేదు.

"మా ఊరు నచ్చిందా?" అన్నాడు మహామంత్రి. "పెళ్లయిందా?" అన్నాడు సేనాపతి. "అసలు నీకు చెవుడా?" అని విసుక్కున్నాడు కోశాధికారి. బొల్లన్న కదల్లేదు.

ఆస్థానకవి కవికుంజరుణ్ణి పిలిచారు. పద్యం వింటే పాషాణమైనా తల ఊపుతుందని ఆయనకు నమ్మకం. మహారాజుగారి మీసాల మీద అప్పటికప్పుడు అల్లిన పద్యాన్ని రాగం తీసి, తీసినచోటే మళ్లీ తీసి చదివాడు. మంత్రులు, సేనాపతులు, దండనాయకులు అలవాటు కొద్దీ, భయం కొద్దీ తలలు తెగ ఊపారు. బొల్లన్నకు మాత్రం ఆ కాసేపే కాస్త విశ్రాంతి దొరికింది. ఆ పద్యానికి తల ఊపకుండా ఉండడం అంత కష్టమేమీ కాలేదు.

తీపికి చీమలు చేరాయి, ఈగలు చేరాయి. ఒక ఈగ ముక్కు మీద వాలి తీరిగ్గా కాళ్లు రుద్దుకుంది. జనమంతా ఆ ఈగకు మొక్కుకున్నారు. అదీ లేచిపోయింది.

పొద్దు పడమటికి వాలింది. నగరవాసుల గుండెలు జారిపోయాయి. ఒక ముసలాయన పీఠం ముందు సాష్టాంగపడి, "నాయనా, పిల్లలు గలవాణ్ణి. నీకు పుణ్యముంటుంది, ఒక్కసారి ఊపు," అని బావురుమన్నాడు. ఒకామె కొంగు నోటికడ్డం పెట్టుకుని, "మా ఆయన రెండ్రోజులుగా తాగక, ఇంట్లో గిన్నెలు తోముతున్నాడయ్యా. ఆ మనిషి అవస్థ చూడలేకపోతున్నాను," అని కన్నీరు పెట్టుకుంది. ఒకడి మెడ తెగడం కోసం అంత ఆర్తిగా, అంత మర్యాదగా బతిమాలుకున్న జనాన్ని బొల్లన్న ఎన్నడూ చూడలేదు. జాలిపడి తల ఊపుతాడేమోనని అరిందముడికి పై ప్రాణాలు పైనే పోయాయి.

అప్పుడు లేచాడు ప్రధానార్చకుడు చషకానందుడు. నాభి దాకా గడ్డం, మోకాళ్ల దాకా రుద్రాక్షలు, చేతిలో కొమ్ముతో చేసిన మంత్రదండం. ఆ రాజ్యంలో రాజు మాటకు ఎదురు చెప్పినవాళ్లున్నారు గానీ, చషకానందుడి మాటకు ఎదురు చెప్పినవాళ్లు ఇప్పుడు లేరు. వాళ్లలో కొందరు ఆలయం వెనక కప్పలై బెకబెకమంటున్నారని వదంతి.

"కంగారు పడకు రాజా. నేను లోపలికి వెళ్లి అమ్మవారితో ఒక్క మాట మాట్లాడి వస్తాను," అని విగ్రహం వెనక్కు నడిచాడు.

అరిందముడు బాన భుజాన పెట్టుకుని వెంటపడ్డాడు. కంచు అమ్మవారు కొండంత ఎత్తున, బాసింపట్టు వేసుకుని, నోరు తెరుచుకుని కూర్చుని ఉంది. విగ్రహానికి వెనక ఒక చిన్న తలుపు, లోపల కిందికి మెట్లు. చషకానందుడు పక్కగదిలోకి మళ్లాడు. అరిందముడు మెట్లు దిగి చూసి నోరు వెళ్లబెట్టాడు. అది విశాలమైన నేలమాళిగ. గోడల పొడుగునా నిండు బానలు. వాటి మధ్య అర్చకుడి శిష్యులు ఉత్తరీయాలు నెత్తికి చుట్టుకుని, ఒకరి ఒళ్లో ఒకరు పడి పాటలు పాడుకుంటున్నారు.

"ఎవడ్రా నువ్వు?" అన్నాడు ఒక శిష్యుడు, అరిందముడికి బదులు పక్కనున్న స్తంభాన్ని చూసి.

"కొత్త శిష్యుణ్ణి స్వామీ. ఊరంతా ఉపవాసం ఉంటే మీరిలా..."

"ఉపవాసం అమ్మవారు తాగేదాకా కదరా పిచ్చివాడా! ఇది నిరుడు అమ్మవారు తాగేసిందే." శిష్యుడు పైకప్పులో ఉన్న తూము చూపించాడు. "నోట్లో పోసింది పొట్టలోకొస్తుంది. పొట్టలోంచి ఈ తూముగుండా మా బానల్లోకి దిగుతుంది. అమ్మకు తాగే ఓపిక ఎక్కడిది? ఆమె శ్రమ మేం పంచుకుంటున్నాం."

"మరి ఆ పరదేశి తల ఊపడం లేదే! గురువుగారు ఏం చేస్తారట?"

"వాడు తల్లి మీద ఒట్టేసుకున్నాడటగా. ఆ తల్లినే తెస్తున్నాడు. మాయరూపం. అమ్మ అడిగితే తల ఊపని కొడుకుంటాడా?" అని శిష్యుడు తన తెలివికి తానే మురిసి, అక్కడే కునికిపాట్లు పడ్డాడు.

అరిందముడు గబగబా చుట్టూ చూశాడు. తూము పక్కనే విగ్రహం పొట్టలోకి దారితీసే ఇనుపతలుపుంది. ఆసవం నిండిన కూజా ఒకటి చంకన పెట్టుకుని, ఆ తలుపు తోసుకుని పైకెగిరాడు. చీకటి పొట్టలో ఒక కొయ్యనిచ్చెన గొంతు దాకా వేలాడుతోంది. గబగబ ఎక్కి అమ్మవారి పళ్ల సందుల్లోంచి బయటికి చూశాడు. సరిగ్గా కింద, అమ్మవారి పెదవికి నిట్టనిలువుగా, బొల్లన్న తడిసిన నెత్తి కనిపించింది.

పీఠం ముందు భుగ్గున పొగ లేచింది. పొగ విచ్చుకునేసరికి చెన్నమ్మ నిలబడి ఉంది. అదే నేతచీర, అదే వంగిన నడుము, చేతిలో అదే విసనకర్ర.

"బొల్లీ, ఏంట్రా ఎండలో కూకున్నావు? పొద్దుట్నించీ ఏమన్నా తిన్నావా?"

బొల్లన్న కళ్లు నిండిపోయాయి. గొంతు ముడి పైకీ కిందికీ ఆడింది. మెడ కదల్లేదు.

"చిక్కిపోయావురా. యువరాజు బాబు బాగున్నాడా?"

మెడ నరాలు ఉబ్బాయి. అయినా కదల్లేదు. చెన్నమ్మ దగ్గరికొచ్చి, తలొంచి అతని ముఖంలోకి చూసింది.

"పలకవేంరా నాన్నా? అమ్మ మీద కోపమొచ్చిందా?"

"లేదమ్మా!" అన్నాడు బొల్లన్న. తల అడ్డంగా ఊగింది. ఒకసారి కాదు, ఆ తల్లి మనసులో ఆ అనుమానం మిగలకూడదన్నట్టు పదేపదే ఊగింది.

శంఖం మోగింది. నగరమంతా ఒక్క గొంతుతో జయజయధ్వానం చేసింది. చెన్నమ్మ పొగై చెదిరిపోయింది. బొల్లన్న చాచిన చేతుల్లో ఏమీ మిగల్లేదు. తలారి గండ్రగొడ్డలి భుజానికెత్తి పీఠం ఎక్కాడు.

"ఒరేయ్ బొల్లా! తల పైకెత్తి నోరు తెరువు!"

కంచు గొంతులోంచి ఆ కేక ఉరుములా వెలువడింది. జనం దడుచుకుని నేలకు సాగిలపడ్డారు. బొల్లన్నకు ఆ గొంతు ఎవరిదో తెలిసి, ఆశగా తలెత్తాడు. పై నుంచి ఎర్రగా ధార పడుతోంది. వాసన చూడగానే విషయం అర్థమై, మూతి ఠక్కున బిగించేశాడు.

"వద్దు దొరా, ఒట్టు!" అన్నాడు పళ్ల సందుల్లోంచి.

అరిందముడికి ఒళ్లు మండిపోయింది. "నీ ఒట్టు తగలెయ్య! చుక్క గొంతులో పడితే బలికి పనికిరావురా, బతుకుతావురా!"

"అమ్మ మీద ఒట్టు దొరా. అమ్మకేమన్నా అయితే?"

తలారి గొడ్డలి పైకెత్తాడు. కూజాలో అడుగున కాస్తే మిగిలింది. అరిందముడి కోపం ఎటో పోయింది.

"బొల్లా, ఆ తల్లి పాలు నేనూ తాగాను. ఆమెకు నేనూ కొడుకునే. కొడుకుగా చెబుతున్నా, ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టరా. నువ్వు లేకుండా ఆమె ముందుకు నేను ఏ ముఖం పెట్టుకుని పోను? తాగరా నాయనా!"

బొల్లన్న వెక్కుతూ నోరు తెరిచాడు. చివరి ధార గొంతులోకి దిగింది. చేదు మందు తాగిన పసివాడిలా ముఖం చిట్లించి గుటక వేశాడు.

తలారి గొడ్డలి దించేశాడు. "మహాప్రభో, కొంప మునిగింది! అమ్మవారే స్వయంగా వీడి నోట్లో పోసింది. ఇక వీడు బలికి పనికిరాడు!"

"పనికిరాకపోతే మానె. వాడు తల ఊపాడా, లేదా?" అన్నాడు మహారాజు.

"ఊపాడు ప్రభూ."

"మరింకేం? పొయ్యండిరా!"

అంతే. ముద్రలు టపటప పగిలాయి. మనిషిని నరకాల్సిన సంగతి ఆ నగరంలో మళ్లీ ఎవరికీ గుర్తు రాలేదు.

ఒక్క చషకానందుడికి తప్ప. అమ్మవారికి బలిపశువుల్ని పేరు పెట్టి పిలిచే అలవాటు లేదని ఆయనకంటే బాగా తెలిసినవారెవరు? చరచరా నేలమాళిగలోకి దిగాడు. తెరిచి ఉన్న ఇనుపతలుపు చూశాడు, నవ్వుకున్నాడు. తలుపు మూసి గడియ వేశాడు. తూముకు బిరడా బిగించి, మంత్రదండంతో దిమ్మిస కొట్టినట్టు కొట్టాడు. ఏమీ ఎరగనట్టు బయటికొచ్చి చేతులెత్తాడు.

"భక్తులారా! ఈ ఏడు అమ్మవారికి దాహం ఎక్కువగా ఉంది. రాజుకంటే ముందు ఆమె కడుపు నిండాలి. ఆమె నోటి ప్రసాదం అందుకున్న ఈ పుణ్యాత్ముడు ఎంతవరకు పొయ్యమంటే అంతవరకు పొయ్యండి!"

విగ్రహం భుజాల దాకా కట్టిన మంచెల మీదికి కూలీలు బానలెత్తి, అమ్మవారి నోట్లోకి ఒంపారు. మొదటి ధార దెబ్బకే అరిందముడి కాళ్లు జారాయి. నిచ్చెన ఫెళ్లున విరిగింది. అతను వెల్లకిలా పొట్టలో పడ్డాడు. లేచి ఇనుపతలుపు తన్నాడు, కదల్లేదు. తూములో చెయ్యి పెట్టాడు, బిరడా తగిలింది. ఆసవం మోకాళ్లకు వచ్చింది.

బయట బొల్లన్నకు దండలు వేసి, పీఠం మీద నిలబెట్టారు. పొద్దుటి నుంచీ తిండి లేని కడుపులో ఆ తొలి గుక్క అప్పటికే వీరంగం వేస్తోంది. రాజు ఇద్దరుగా, సూర్యుడు ముగ్గురుగా కనిపించారు.

"స్వామీ, ఇంకా పొయ్యమంటారా?" అని అడిగారు భక్తులు.

పొద్దంతా బిగబట్టుకున్న మెడ అది. బొల్లన్న హాయిగా, ఆనందంగా నిలువునా ఊపాడు. "పొయ్యండి... మా దొర మంచోడు... పొయ్యండి," అన్నాడు. బానలు ఒరిగాయి.

ఆసవం అరిందముడి నడుముకు వచ్చింది. మొలలో దాచుకున్న కత్తి తీసి, పిడితో కంచు గోడను బాదాడు. "బొల్లా! లోపలున్నానురా! ఆపమని చెప్పు!" అని అరిచాడు. ఆ అరుపు నిండుతున్న పొట్టలో సుళ్లు తిరిగి, బయటికి గుడగుడమని వినిపించింది.

"విన్నారా! అమ్మ తృప్తిగా తేన్చుతోంది!" అని జనం చెంపలు వేసుకున్నారు.

బొల్లన్న ఆగాడు. తూలుతూ వెనక్కు తిరిగి, అమ్మవారి పొట్టకు చెవి ఆనించాడు. లోపల దబదబ చప్పుడు. మళ్లీ ఆ గొంతు. ఒక్కసారిగా మత్తు సగం దిగిపోయింది. ముఖం పాలిపోయింది. దొర లోపలున్నాడు! చెప్పబోయాడు. నాలుక మడతపడి మాట పెగల్లేదు. "దొ... దొ..." అని గింజుకున్నాడు. గోడను గోళ్లతో రక్కాడు.

"ఏమంటోంది స్వామీ, అమ్మవారు? ఇంకా కావాలంటోందా?" అని మహారాజే స్వయంగా చేతులు జోడించి అడిగాడు.

బొల్లన్న కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతుండగా, రెండు చేతులూ అడ్డం పెట్టి, మెడ విరిగిపోతుందా అన్నట్టు తలను అడ్డంగా ఊపాడు. వద్దు, వద్దు, వద్దు!

"ఊపారు! స్వామివారు ఊపారు!" అని మధుశిలా నగరం ఆనందంతో ఊగిపోయింది. బొల్లన్న ఎంత గట్టిగా ఊపితే మంచెల మీద బానలు అంత వేగంగా ఒరిగాయి. లోపల ఆసవం అరిందముడి గడ్డాన్ని తాకింది.